సన్‌డ్యూకి బోరు నీళ్లు పోయకండి

ఆకుల మీది జిగురు బొట్లతో చిన్న చిన్న పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ మొక్కని మన హైదరాబాద్‌లో బాల్కనీలోనే హాయిగా పెంచుకోవచ్చు. చాలామంది దెబ్బతినేది నీళ్ల దగ్గరే. మన బోరు నీళ్లకి కుళాయిల మీద తెల్లటి పొర కట్టేస్తుంది చూశారా, ఆ లవణాలే దీని వేళ్లని చంపేస్తాయి. నా మొదటి మొక్క నెల తిరక్కుండానే పోయింది.

వానాకాలంలో డాబా మీద బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టుకోండి, అవి అయిపోతే ఏసీ పైపు నుంచి కారే నీళ్లు వాడండి. ఇంట్లో ఆర్‌ఓ ఉందని ధీమా వద్దు, కొన్నిట్లో మినరల్స్ మళ్లీ కలుస్తాయి, అందుకే నీళ్లలో లవణాలు ఎన్నున్నాయో చూపించే చిన్న టీడీఎస్ మీటర్ కొనుక్కుని 50 లోపు చూపిస్తేనే పోయండి. పైనుంచి కాదు, కుండీ కింద పళ్లెంలో ఒక సెంటీమీటరు నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి.

మట్టి, పేడ, వర్మీకంపోస్ట్ ఏవీ వద్దు. పీట్ మాస్ (సగం కుళ్లిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపి వేస్తే చాలు. ఎరువు అసలే వద్దు, దాని తిండి అదే పట్టుకుంటుంది (మా పిల్లాడు ఆకు మీద చికెన్ ముక్క పెట్టాడు, ఆ ఆకు కుళ్లిపోయింది).

పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం నీడకి జరపండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి డ్రోసెరా బర్మానీ అనే సన్‌డ్యూ రకం బాగుంటుంది, అది మన దేశంలో సహజంగా పెరిగేదే, చిన్నగా ఉన్నా పురుగు వాలితే సెకన్లలో పట్టేస్తుంది. పూసి విత్తనాలు రాల్చాక మొక్క చచ్చిపోతే కంగారు పడకండి, అదే కుండీలో పిల్లలు మొలుస్తాయి.