కోర్టు ఆర్డర్ ఉన్నా పిల్లల్ని చూపించట్లేదా? కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం కేసు) వేసే ముందు ఇది చదవండి

హైదరాబాద్ పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో విజిటేషన్ ఆర్డర్ (విడిగా ఉంటున్న తల్లి లేదా తండ్రికి పిల్లల్ని చూపించాలనే ఆదేశం) వచ్చింది, ఆదివారం వెళ్తే తలుపుకి తాళం, అప్పుడు అందరూ అనేమాట ఒకటే, కంటెంప్ట్ వేసెయ్ అని. ఆగండి.

ముందు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసి రోజు, టైమ్, ప్లేస్ క్లియర్‌గా రాసుందో లేదో చూడండి, "వీలైనప్పుడు చూపించాలి" అని ఉంటే మాత్రం ముందు దాన్నే మార్పించుకోవాలి, ఎందుకంటే కంటెంప్ట్‌లో కావాలనే ఉల్లంఘించారని మీరు చూపించాలి. పిల్లకి నిజంగా జ్వరమొస్తే అది కంటెంప్ట్ కాదు, ప్రతీసారీ ఆదివారమే జ్వరమొస్తే వేరే సంగతి అనుకోండి!

వెళ్ళిన ప్రతిసారీ తేదీ, టైమ్ రాసి పెట్టుకోండి, వాట్సాప్ మెసేజ్ మర్యాదగా పెట్టండి, తిట్లు మాత్రం వద్దు, రేపు జడ్జిగారు చదివేది అదే. ఆ చాట్ ప్రింటవుట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే ధ్రువీకరణ పత్రం కూడా ఉండాలి.

తర్వాత లాయర్ నోటీసు, అయినా వినకపోతే మొదట అదే ఫ్యామిలీ కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఆర్డర్‌ని అమలు చేయించమని అడిగే పిటిషన్) వేయడం బెటర్ అని నా అభిప్రాయం. 1971 కోర్టు ధిక్కార చట్టం కింద కంటెంప్ట్ కేసు మాత్రం హైకోర్టుకే వెళ్ళాలి, అదీ ఉల్లంఘన జరిగిన ఏడాది లోపే. శిక్ష 6 నెలల వరకు జైలు, 2,000 రూపాయల దాకా ఫైన్, కానీ నిజాయితీగా సారీ చెప్తే కోర్టు వదిలేయొచ్చు కూడా.

ఇంకోటి, పిల్లల్ని చూపించట్లేదని మెయింటెనెన్స్ ఆపేయకండి, అప్పుడు ఆర్డర్ తప్పింది మీరే అవుతారు.