బ్యాగ్ హ్యాండిల్ దగ్గర కుట్లు తప్పిపోతుంటే నాకు పనిచేసింది ఇదీ

పాత జీన్స్ ముక్కలతో బ్యాగులు కుడుతుంటా, అంతా బానే వెళ్తుంది కానీ హ్యాండిల్ అతికేచోట మడతల మీద మడతలు పడి ఆరేడు పొరలయ్యేసరికి మిషన్ ఎక్కలేక అక్కడే ఆగి కుట్లు వదిలేసేది, కింద దారం ఉండకట్టేది. దారం బిగువు (టెన్షన్) మార్చా, దారం మార్చా, కింద దారం ఉండే బాబిన్ కేస్ శుభ్రం చేసి నూనె వేశా, లాభం లేదు.

అసలు సంగతి, గుడ్డని పైనుంచి నొక్కిపట్టే మిషన్ పాదం వాలిపోవడం. మందం మొదలయ్యేచోట పాదం ముందుభాగం పైకి లేచి వెనక్కి వాలిపోతుంది, అప్పుడు పాదం కింద ఉండే మిషన్ పళ్ళు గుడ్డని సరిగ్గా లాగలేవు.

ముందు 16 నంబర్ జీన్స్ సూది పెట్టి కుట్టు పొడవు 2.5 నుంచి 3.5 మి.మీ.కి పెంచా. మందం దగ్గరికి రాగానే సూదిని గుడ్డలోకి దించి ఆపి, పాదం ఎత్తి, ఒక జీన్స్ ముక్కని సరిగ్గా అంతే మందం వచ్చేలా మడిచి పాదం వెనకభాగం కింద, సూదికి దగ్గరగా దూర్చా, పాదం దించితే బల్లపరుపుగా కూర్చుంది! తర్వాత మోటార్ వాడకుండా చక్రం నావైపుకి చేత్తో తిప్పుతూ ఐదారు కుట్లు. మందం దిగేటప్పుడు అదే ముక్క పాదం ముందువైపు పెట్టాలి, ఇది మర్చిపోతే దిగేచోట మళ్ళీ తప్పుతుంది.

నాది మామూలు ఇంటి మిషన్, జీన్స్, కాన్వాస్ మీదే చేశా, క్విల్ట్ బైండింగ్ (బొంత అంచు చుట్టూ కుట్టే పట్టీ) మూలల్లో కూడా ఒకసారి కుదిరింది. మడత పాదం కిందకే దూరనంత మందంగా ఉంటే మాత్రం ఇది సాయం చేయదు, పొరలు తగ్గించాల్సిందే.