పది నిమిషాలు కోసి ఆగిపోతున్న చైన్‌సా: కార్బురేటర్ విప్పే ముందు ట్యాంకు మూత చూడండి

తాడు లాగగానే మిషను అందుకుంటుంది. పది నిమిషాలు చక్కగా కోస్తుంది. ఆ తర్వాత ఎక్సలేటర్ నొక్కితే గొంతు పట్టేసినట్టయి ఆగిపోతుంది, ఎంత లాగినా రాదు. పావుగంట పక్కన పెడితే మళ్లీ మామూలే. ఇలా తెచ్చిన వాళ్లంతా నాతో అనే మాట ఒకటే: "కార్బురేటర్ పోయింది బాబూ, మార్చెయ్." ఇంతకీ ట్యాంకు మూత తిప్పి చూశారా అంటే, చూసినవాళ్లు కనబడరు.

ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. అందుకో చిన్న గాలి వాల్వు ఉంటుంది. కొన్ని మిషన్లకు మూతలోనే, కొన్నిటికి పిడి దగ్గర సన్నటి గొట్టం చివర. ఆయిలు, రంపపు పొట్టు కలిసి జిడ్డుగా పట్టేస్తే అది మూసుకుపోతుంది. ఉద్దానంలో కొబ్బరి పీచు పొడికి తీరం ఇసుక కూడా తోడవుతుంది. గాలి రాకపోతే కార్బురేటర్ ఎంత పీల్చినా పెట్రోలు కదలదు. పక్కన పెట్టినప్పుడు జిడ్డు పట్టిన ఆ వాల్వు సందుల్లోంచే కొద్దికొద్దిగా గాలి లోపలికి చేరుతుంది కాబట్టి మళ్లీ స్టార్టవుతుంది. మనల్ని మోసం చేసేది అదే.

నేనూ మోసపోయాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లు కోసే పనిలో ఉన్నప్పుడు నా మిషను ఇలాగే మొరాయించింది. దారి మూసుకుపోయి జనం ఎదురుచూస్తుంటే నేను కార్బురేటర్ మూడుసార్లు విప్పాను, దాని లోపలి పల్చటి పొర, అదే డయాఫ్రమ్, కిట్టు కొత్తది వేశాను. చివరికి పెట్రోలు పోద్దామని మూత తిప్పితే 'స్స్' అని గాలి లోపలికి లాక్కున్న చప్పుడు. తాడు ఒక్కసారి లాగానో లేదో, స్టార్టయింది.

పరీక్ష ఇదే. మిషను ఆగిన వెంటనే పొట్టు లేని చోట కింద పెట్టి, దగ్గర్లో బీడీ నిప్పు కూడా లేకుండా చూసుకుని, మూత మీద గుడ్డ వేసి మెల్లగా వదులు చేయండి. మళ్లీ బిగించి తాడు లాగండి. వెంటనే అందుకుంటే దోషం వాల్వుదే. మూత వదులుగా ఉంచి మాత్రం కోయకండి, వేడి సైలెన్సర్ మీద పెట్రోలు పడితే మంటే.

వాల్వు బయటికి తీసి పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. సూది, తీగ గుచ్చకండి. లోపలి రబ్బరు చిరిగితే మిషను పడుకోబెట్టినప్పుడల్లా పెట్రోలు కారుతుంది. కడిగినా బాగుపడకపోతే కొత్తది వేయండి, కార్బురేటర్‌తో పోలిస్తే దాని ఖరీదెంత! గాలి అందని ట్యాంకుతోనే లాగించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పెట్రోలు తగ్గితే అందులో కలిసి ఇంజను లోపల జిడ్డు అందించే టూటీ (2T) ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్‌కు గీతలు పడతాయి.

మూత తిప్పినా తేడా లేకపోతే, ట్యాంకులోని పెట్రోలు ఫిల్టరును వంచిన తీగతో పైకి లాగి చూడండి. నల్లబడి ఉంటే మార్చేయండి. ఆ ఫిల్టరు తగిలించిన పెట్రోలు గొట్టం పగిలిందేమో కూడా అప్పుడే వంచి చూడండి.

అసలు స్టార్టే కాకపోతే ముందు పాత పెట్రోలు పారబోయండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాక్కుంటుంది. నెల దాటి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టడమే మంచిది. కొత్త పెట్రోల్లో ఆయిలు కలిపే పాళ్లు మిషను పుస్తకంలో 1:50 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, 1:25 అంటే 40. అందాజుగా పోయకండి.

ఇంజను బాగానే తిరిగి కోత పడకపోతే పొట్టు చూడండి. పెచ్చులు రాకుండా సన్నటి పొడి రాలుతుంటే చైను మొద్దుబారింది. ఇసుక నేలలో సరుగుడు మొదలు కోస్తే ఇది తొందరగా వస్తుంది. బెరడు మీది ఇసుక దులిపి కోయండి, పెట్రోలు నింపినప్పుడల్లా ఆకురాయి పట్టండి.

వేడెక్కాక స్పార్కు ఆగిపోయే కాయిల్, క్రాంక్ సీలు లీకు అరుదు. పైవన్నీ చూశాక కూడా ఆగుతుంటే అప్పుడు మెకానిక్కుకు ఇవ్వండి, మూత పరీక్ష చేశామని ముందే చెప్పండి.