ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో ఎవరు గెలుస్తారో లెక్కేయడం ఎలా?

మా పిన్ని కొడుకు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, ప్లేఆఫ్స్ అంటే సీజన్ చివర్లో కప్పు కోసం జరిగే పోటీలు. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో వాటి గురించే హడావుడి. ప్లేఆఫ్స్ మొదలయ్యేలోపు ఎవరి అంచనా వాళ్లు కాగితం మీద రాసి ఫోటో పెట్టాలి, తర్వాత దిద్దుకోవడం కుదరదు. మొదట్లో పేరున్న ఆటగాళ్లని చూసి రాసి, వరసగా బోల్తా పడ్డాను. ఆ దెబ్బలతో పట్టుకున్న పద్ధతి ఇది. ప్రతిసారీ గెలిపిస్తుందని చెప్పను గానీ గ్రూపులో పరువు నిలబెడుతుంది.

1. ప్లే-ఇన్ అయ్యేదాకా ఆగండి

లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు విభాగాలు (కాన్ఫరెన్స్‌లు), ఒక్కోదాంట్లో పదిహేనేసి టీమ్‌లు. 82 మ్యాచ్‌లయ్యాక మొదటి ఆరు టీమ్‌లు నేరుగా ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. 7 నుంచి 10 దాకా ఉన్నవి ప్లే-ఇన్‌లో కొట్టుకుని మిగిలిన రెండు చోట్లు తీసుకుంటాయి. అవి తేలాకే ఎవరితో ఎవరు ఆడతారో గీతలు గీసుకోండి. ఒకసారి గీశాక మధ్యలో జతలు మారవు కాబట్టి, ఏ టీమ్ దారిలో ఎవరు అడ్డొస్తారో మొదటి రోజే కనిపిస్తుంది. ఒక్కో రౌండ్‌లో ఒకే టీమ్‌తో ఏడు మ్యాచ్‌ల దాకా సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లు పై రౌండ్‌కి. అలా నాలుగు రౌండ్లలో పదహారు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు.

2. గెలుపులు కాదు, తేడా చూడండి

ఎన్ని గెలిచిందన్న దానికన్నా సగటున ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచిందన్నది ఎక్కువ చెప్తుంది. 2024-25లో ఓక్లహోమా సిటీ 68 మ్యాచ్‌లు గెలిచింది, సగటు తేడా దాదాపు 13 పాయింట్లు. ఆ కాగితం మీద వేరే పేరు రాయడానికి కారణం వెతుక్కోవాలి.

ఫిబ్రవరి తర్వాతి ఆటని మాత్రం విడిగా చూడండి. ఆటగాళ్ల మార్పిడికి గడువు అప్పుడే ముగుస్తుంది. 2024లో డల్లాస్ ఆ గడువులోపే గాఫర్డ్‌నీ, పీజే వాషింగ్టన్‌నీ తెచ్చుకుంది. సీజన్ మొత్తం లెక్క చూసినవాళ్లకి అది మామూలు అయిదో సీడ్, అంటే కాన్ఫరెన్స్‌లో అయిదో స్థానం. కానీ నేరుగా ఫైనల్స్‌కి వెళ్లింది.

3. ఎనిమిది పేర్లు రాయండి, ఒకరి కింద గీత గీయండి

నా పద్ధతికి ప్రాణం ఇదే. సీజన్‌లో కోచ్ పదిమందిని తిప్పుతాడు. ప్లేఆఫ్స్‌కొచ్చేసరికి ఏడెనిమిది మందే ఆడతారు. పైగా రెండు వారాల్లో అదే టీమ్‌తో ఏడుసార్ల దాకా తలపడాలి కాబట్టి, ఎవరి లోపం ఏమిటో రెండో మ్యాచ్‌కే బయటపడిపోతుంది. అందుకే ప్రతి టీమ్‌కీ ఎనిమిది పేర్లు రాసి, డిఫెన్స్‌లో బలహీనుడెవరో అతని కింద గీత గీస్తాను. ఎదుటి టీమ్‌లో అతన్ని వేటాడగలిగేవాడు ఉన్నాడా అన్నదే తర్వాతి ప్రశ్న.

ఆ వేట టీవీలో సులువుగానే గుర్తుపట్టొచ్చు. బంతి చేతిలో ఉన్న స్టార్ తొందరపడడు. గీత గీసిన మనిషి ఎవరిని కాస్తున్నాడో ఆ ఆటగాడిని చెయ్యి ఊపి పిలుస్తాడు. అతను వచ్చి, స్టార్‌ని అంటిపెట్టుకున్న డిఫెండర్‌కి గోడలా అడ్డం నిలబడతాడు. డిఫెండర్లిద్దరూ మనుషుల్ని మార్చుకుంటారు. మిగతావాళ్లు పక్కలకి జరిగిపోతారు. ఇప్పుడు మధ్యలో మిగిలింది ఇద్దరే, స్టారూ, మనం గీత గీసినవాడూ. 2018లో హ్యూస్టన్ తరఫున హార్డెన్, గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫ్ కరీని ఇలాగే పదేపదే ముందుకు లాగాడు.

2024లో డల్లాస్, బోస్టన్ ఫైనల్స్‌కి ముందు డల్లాస్ స్టార్ లూకా డాన్చిచ్ గురించి ఫ్రిస్కో అన్నయ్యకి ఫోన్ చేసి, "అన్నయ్యా, లూకాని డిఫెన్స్‌లో ఎక్కడ దాస్తారు?" అనడిగాను. "ఒరేయ్, వాడు ముప్పై పాయింట్లు కొట్టాక దాచాల్సిన పనేముందిరా?" అన్నాడు. లూకా సగటున దాదాపు ముప్పై కొట్టాడు కూడా. కానీ బోస్టన్ వాళ్లు అతని మీదికే దూసుకెళ్లారు. మూడో మ్యాచ్‌లో, ఆట ఇంకా తేలకుండానే, ఆరో ఫౌల్‌తో బయటికెళ్లిపోయాడు. సిరీస్ 4-1తో బోస్టన్‌ది.

దీనికి తిరగేసిన బొమ్మ 2025 ఓక్లహోమా. ఎనిమిది పేర్లు రాశాక గీత ఎవరి కింద గీయాలో అర్థం కాలేదు. డెన్వర్‌తో ఏడో మ్యాచ్‌లో దాదాపు ఏడడుగుల యోకిచ్‌ని ఆరడుగుల అయిదంగుళాల కరూసో కాశాడు. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి యోకిచ్‌కి బంతి అందడమే కష్టమైపోయింది. 125-93తో ఓక్లహోమా గెలిచింది.

4. గాయాల జాబితా చివరి నిమిషంలో ఇంకోసారి చదవండి

2023లో కాగితమంతా మిల్వాకీ అని పెన్నుతో రాశాను. మొదటి మ్యాచ్‌లోనే వాళ్ల స్టార్ యానిస్ నడుం మీద పడి, తర్వాతి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఎనిమిదో సీడ్ మయామీ 4-1తో ఇంటికి పంపింది. నాలుగో మ్యాచ్‌లో మయామీ ఆటగాడు జిమ్మీ బట్లర్ 56 పాయింట్లు కొడుతుంటే ఆ ఫోటోని గ్రూపులోంచి తీసేయొచ్చా అని ఆలోచించాను. ఇలాంటివి ముందుగా తెలియవు. కానీ సీజన్ చివర్లో తొడ కండరమో, పిక్కో పట్టేసి మ్యాచ్‌లు మానేస్తున్నవాడి పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవడం మన చేతిలో పనే.

5. ఎన్ని మ్యాచ్‌లలోనో కూడా రాయండి

గెలిచేవాళ్లని సరిగ్గా చెప్పిన ఇద్దరి మధ్య తేడా ఇక్కడే వస్తుంది. మంచి సీడ్ ఉన్న టీమ్‌కి 1, 2, 5, 7 మ్యాచ్‌లు సొంతూళ్లో. కాబట్టి పెద్ద టీమ్ సునాయాసంగా గెలుస్తుందనుకుంటే "అయిదు" రాయండి, అయిదోది దాని ఇంట్లోనే. చిన్న టీమ్ గెలుస్తుందనుకుంటే మాత్రం "ఆరు". పరాయి ఊళ్లో ఏడో మ్యాచ్ దాకా లాగకుండా, సొంత జనం ముందు ఆరోదానిలో ముగించడమే వాళ్లకి మేలు. ఎనిమిదో సీడ్‌లు ఒకటో సీడ్‌ని పడగొట్టిన 2007 గోల్డెన్ స్టేట్, 2011 మెంఫిస్, 2012 ఫిలడెల్ఫియా, మూడూ 4-2లే.

6. 3-0, 3-1 ఒకటి కావు

3-0తో వెనకబడి సిరీస్ గెలిచిన టీమ్ 2025 దాకా ఒక్కటీ లేదు. 2023లో బోస్టన్ 3-3 దాకా లాక్కొచ్చి, ఏడోది సొంత మైదానంలోనే ఓడిపోయింది. 3-1 అయితే అంత తొందరగా ఆశ వదలొద్దు. 2016 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్, 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ మీద అక్కడి నుంచే లేచింది. 2020లో డెన్వర్ ఒకే ఏడాది రెండుసార్లు ఆ పని చేసింది.

7. చాంపియన్ పేరు ఆఖరున

ముందే కప్పు ఎవరిదో అనుకుని వెనక్కి పూరిస్తే ప్రతి సిరీస్‌లోనూ మనసు అటే లాగుతుంది. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు టీమ్‌లు గెలిచాయి. అంటే నిరుటి విజేతని కళ్లు మూసుకుని రాస్తే పని జరగదు. అయినా 2025 ఫైనల్స్ ముగిసిన రోజే 2026కి మళ్లీ ఓక్లహోమా అని పెన్సిల్‌తో రాసుకున్నాను, ఆ ఎనిమిది మందిలో గీత గీయడానికి మనిషి దొరకలేదన్న ఒక్క కారణంతో. ఈస్ట్‌లో న్యూయార్క్. బోస్టన్ స్టార్ టేటమ్, ఇండియానా స్టార్ హాలిబర్టన్ ఇద్దరికీ మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ తెగాక అక్కడ దారి ఖాళీగా కనిపించింది.

ఫైనల్స్ మనకి పొద్దున ఆరింటికి వస్తాయి. ఫ్రిస్కోలో అప్పుడు రాత్రి ఏడున్నర, అన్నయ్య తీరిగ్గా అన్నం తింటూ చూస్తాడు. లూకాని లాస్ ఏంజిలిస్‌కి పంపేశాక కూడా ఆయన 2025 కాగితం మీద డల్లాసే రాశాడు. ప్లే-ఇన్ దాకా ఆగమని చెప్పాను, వినలేదు. డల్లాస్ ఆ ప్లే-ఇన్‌లోనే ఓడిపోయింది.