రోటరీ టేబుల్ మీద జాబ్ సెంటర్ తప్పుతోందా? ఇలా చేయండి

మిల్లింగ్ మిషన్ మీద బిగించే, గుండ్రంగా తిరిగే రోటరీ టేబుల్‌పై జాబ్ (కోయాల్సిన ముక్క) పెట్టేటప్పుడు ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ సెంటర్ చేయాల్సినవి రెండు. స్పిండిల్‌కి (కట్టర్‌ని తిప్పే ఇరుసు) టేబుల్, టేబుల్‌కి జాబ్. చాలామంది రెండూ కలిపేసి గంటలు గంటలు తిప్పుతూ కూర్చుంటారు.

మొదట డయల్‌ని (ముల్లుతో చిన్న తేడాలు చూపించే గేజ్) స్పిండిల్‌కి పట్టించి, టేబుల్ మధ్య బోరు (రంధ్రం) లోపల దాని కొన ఆనించి స్పిండిల్‌ని చేత్తో తిప్పండి, ఎక్స్, వై హ్యాండిల్స్‌తో సరిచేసి రెండూ లాక్ చేసి స్కేళ్లు సున్నాకి పెట్టేయండి. బ్యాక్‌లాష్ (హ్యాండిల్ స్క్రూలో వదులు) ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు నుంచే రావాలి, దాటిపోతే బాగా వెనక్కెళ్లి మళ్లీ రండి.

తర్వాత జాబ్. ఈసారి స్పిండిల్ కదలకూడదు, డయల్ స్టాండ్ మిషన్ హెడ్‌కి పెట్టి, డయల్ కొన జాబ్‌కి ఆనించి టేబుల్ తిప్పాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే! ముల్లు మొత్తం 0.12 మి.మీ. తిరిగిందనుకోండి, జాబ్ పక్కకి ఉన్నది 0.06 మాత్రమే. ఎక్కువ చూపించే వైపు డయల్‌కి ఎదురుగా తెచ్చి, నైలాన్ సుత్తితో మెల్లగా తట్టి ముల్లుని సగమే వెనక్కి తీసుకురండి, మొత్తం తట్టేస్తే తప్పు అటువైపుకి మారుతుందంతే.

క్లాంపులు బిగించాక ఇంకోసారి తిప్పి చూడండి, బిగింపులో జాబ్ పక్కకి జరగొచ్చు.