స్టీల్ గుళ్ళు, తడి గాలి: విశాఖ ఇండోర్ రేంజ్‌లో పిస్టల్ సమస్యలు - పరిష్కారాలు

గ్రూపు (టార్గెట్ మీద గుళ్ళు పడిన గుంపు) చెదిరిందంటే ముందు ట్రిగ్గర్ మీద, తర్వాత చేతి మీద, ఆఖరికి పిస్టల్ మీద అనుమానం పోతుంది. పెల్లెట్ల (చిన్న గుళ్ళ) డబ్బా జోలికి, సిలిండర్‌లోని గాలి జోలికి ఎవరూ వెళ్ళరు. విశాఖలో మాత్రం వెతకడం ఆ రెండింటితోనే మొదలవ్వాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, గాలి నిండా ఉప్పు. జర్మనీలోనో ఆస్ట్రియాలోనో తయారైన పిస్టల్ మాన్యువల్‌లో ఈ వాతావరణం గురించి పెద్దగా ఉండదు.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా సిలిండర్‌లోని గాలి ఒత్తిడితో గుండు వదిలే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. తూటాల స్టీల్ కేసు (తుపాకీ మందు నింపే గొట్టం) సంగతి చివర్లో ఉంది.

లక్షణం: ట్రాప్ (టార్గెట్ వెనక గుళ్ళని పట్టే రేకు పెట్టె) "ఠంగ్" మంటోంది, గుండు వెనక్కి వస్తోంది

వెంటనే ఫైరింగ్ ఆపించండి. లైన్లో ఉన్న ప్రతి పిస్టల్ ఖాళీ చేయించి, ఆ తర్వాతే ముందుకు నడవండి.

మ్యాచ్ పెల్లెట్ మెత్తటి సీసం. బరువు 0.53 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. అంటే దాని శక్తి దాదాపు 6 జౌళ్ళు. రేకుకి తగిలినప్పుడు ఆ శక్తి చాలావరకు పెల్లెట్ చదును కావడంలోనే ఖర్చయి, అది ట్రేలోకి జారుతుంది. స్టీల్ బీబీ, అంటే గుండ్రటి ఉక్కు గుండు, చదును కాదు. అందుకే తగిలిన శక్తిలో చాలా భాగం మిగుల్చుకుని తిరిగొస్తుంది. 10 మీటర్ల దూరం దానికో లెక్క కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది.

రంగు చూసి నమ్మకండి. బీబీ మీద రాగి పూత ఉంటుంది, లోపలంతా ఉక్కే. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి రేంజ్ బల్ల దగ్గర ఉంచి, ప్రతి కొత్త డబ్బానీ దానితో పరీక్షించండి. సీసం అంటదు, ఉక్కు అంటుకుంటుంది. ఉక్కునగరం ఉన్న ఊళ్ళో ఉక్కుని గుమ్మం దగ్గరే ఆపడం వింతగానే ఉంటుంది గానీ, ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నియమం కూడా 10 మీటర్ల పోటీకి సీసం లేదా అలాంటి మెత్తటి పదార్థంతో చేసిన, 4.5 మిల్లీమీటర్లకు మించని గుళ్ళనే ఒప్పుకుంటుంది.

అంతా సీసమే అని తేలినా గుండు తిరిగొస్తుంటే తప్పు ట్రాప్‌దే. రేకు కింది వైపుకి సుమారు 45 డిగ్రీలు వాలి ఉందా? ట్రే నిండిపోయి కొత్త పెల్లెట్లు పాత కుప్పకే తగులుతున్నాయా? ఎవరో ఎప్పుడో కాల్చిన స్టీల్ గుళ్ళ వల్ల రేకు మీద గుంటలు పడ్డాయా? గుంట పడిన చోట సీసం కూడా ఎటుపడితే అటు చిందుతుంది. ఆ రేకుని తిప్పి బిగించండి, రెండు వైపులా పాడైతే మార్చేయండి. రబ్బరు పట్టీ అంటించి సరిపెట్టుకోవద్దు. అందరికీ పాలికార్బొనేట్ కళ్ళద్దాలు తప్పనిసరి, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు కూడా.

లక్షణం: నిన్నటి దాకా బాగున్న గ్రూపు ఇవాళ చెదిరింది

ముందు చేతిని లెక్కలోంచి తీసేయండి. పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, ఒకే డబ్బాలోంచి ఐదు కాల్చండి. తర్వాత వేరే డబ్బాలోంచి మరో ఐదు. పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, మంచి పిస్టల్, సరిపడే పెల్లెట్ అయితే ఐదూ అందులో తేలిగ్గా ఇమడాలి. ఇమిడితే పిస్టల్ బాగున్నట్టే, కోచ్‌తో మాట్లాడుకోండి.

ఒక డబ్బాతో బాగుండి ఇంకోదానితో చెదిరితే పెల్లెట్ కారణం. పెల్లెట్ వెనక అంచు పల్చగా ఉంటుంది, డబ్బా ఒక్కసారి కింద పడినా వంకర పోతుంది. తల సైజు కూడా చూడండి: 4.49, 4.50 అని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఏ బ్యారెల్‌కి ఏది పడుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది. ఖరీదైనదే మంచిదనుకోవడం పొరపాటు.

రెండు డబ్బాలతోనూ చెదిరితే బ్యారెల్ చూడాలి. పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, పొడి ఫెల్ట్ పెల్లెట్లు (శుభ్రం చేసే ఉన్ని ముక్కలు) రెండు మూడు బ్రీచ్ (గుండు పెట్టే చోటు) వైపు నుంచి తోయండి. నల్లగా వస్తే తెల్లగా వచ్చేదాకా కొనసాగించండి. ఇత్తడి బ్రష్ వద్దు, తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు. శుభ్రం చేశాక మొదటి పది పదిహేను గుళ్ళు అటూ ఇటూ పోవడం మామూలే, వాటిని చూసి గురి చూసే సైట్ తిప్పకండి. ఇంత చేసినా గ్రూపు కుదరకపోతే ఆ పిస్టల్‌లో ఎవరైనా స్టీల్ గుళ్ళు కాల్చారా అని అడగండి. గాట్లు పడిన రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) బాగుపడదు, బ్యారెల్ మార్చాల్సిందే.

లక్షణం: పెల్లెట్ల మీద బూజు పట్టినట్టు తెల్లటి పొడి

అది బూజు కాదు, సీసం చెడి ఏర్పడిన లవణం, విషం. చెక్క బీరువాలు, అట్టపెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరికి ఇక్కడి తేమ తోడైతే త్వరగా పడుతుంది. తుడిచి వాడదామనుకోకండి, డబ్బా మొత్తం పక్కన పెట్టండి. కొత్త డబ్బాలను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

లక్షణం: మ్యాచ్ సగం నుంచి గుళ్ళు కిందకి దిగుతున్నాయి

గేజ్ చూడండి. చాలా మ్యాచ్ పిస్టళ్ళలో సిలిండర్ 200 బార్‌కి నింపుతారు. ఒత్తిడి బాగా పడిపోయాక, అంటే సుమారు 70 బార్ దగ్గర, గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ ఇక దాన్ని నిలబెట్టలేదు, వేగం తగ్గి గుండు కిందపడుతుంది. మ్యాచ్ 60 గుళ్ళు, దానికి ముందు గురి సరిచూసుకునే సైటింగ్ గుళ్ళు వేరే. సగం సిలిండర్‌తో లైన్లోకి రాకండి.

గేజ్ బాగానే ఉండి వేగం మారుతుంటే లోపల తేమ చేరి ఉండొచ్చు. చేతి పంపుతో వానాకాలంలో నింపితే మన ఊరి గాలిలోని నీరు కూడా సిలిండర్‌లోకే పోతుంది. రెగ్యులేటర్ స్ప్రింగ్ తుప్పు పడుతుంది, వాల్వ్ దగ్గర జిగురు కడుతుంది. పంపుకి తేమ పీల్చే ఫిల్టర్ పెట్టి, అందులోని గుళికల రంగు మారగానే మార్చండి. అంతకన్నా మంచిది డైవింగ్ ట్యాంకు గాలి, అది ఆరబెట్టి నింపిన గాలి. రుషికొండలో డైవింగ్ చేయించేవాళ్ళకు ఆ నింపుడు తెలిసిన పనే. నెమ్మదిగా నింపండి. త్వరపడితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక ఒత్తిడి తగ్గి కనిపిస్తుంది. ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎప్పుడూ నింపకండి, లోపల కాస్త జిడ్డున్నా పేలుతుంది. సిలిండర్ మీద కొట్టిన తయారీ తేదీ కూడా చూడండి. మ్యాచ్ పిస్టల్ కంపెనీలు సాధారణంగా 10 ఏళ్ళ గడువే ఇస్తాయి.

"స్‌స్‌" మని గాలి కారుతుంటే ఎక్కువసార్లు ఓ-రింగ్ అనే రబ్బరు వలయానిదే తప్పు. కొత్తది వేసి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మోటారు గ్రీజు, కొబ్బరినూనె రెండూ వద్దు.

లక్షణం: ఇనుప భాగాల మీద ఎర్రటి చుక్కలు

ఏసీ గదిలోంచి తెచ్చిన పిస్టల్‌ని ఉక్కపోతలో వెంటనే బయటికి తీస్తే దాని మీద నీరు పడుతుంది. పెట్టె మూసే ఉంచి అరగంట ఆగండి. కాల్చాక చెమట తుడిచి, నూనె తగిలించిన గుడ్డతో ఒకసారి రాయండి. నురుగు పెట్టెలో తడి పిస్టల్‌ని రాత్రంతా ఉంచకండి.

లక్షణం: తూటాలకు అయస్కాంతం అంటుకుంటోంది, రేంజ్ ఒప్పుకోవడం లేదు

ఎక్కడ అంటుకుంటోందో చూడండి. కేసుకి అంటుకుంటే అది స్టీల్ కేసు. ముక్కుకి అంటుకుంటే గుండు తొడుగులో రాగి కింద ఉక్కు ఉంది. ట్రాప్‌ని గాయపరిచేది, నిప్పురవ్వలు లేపేది రెండోదే. నేల మీద కాలని తుపాకీ మందు పేరుకుని ఉంటే ఆ రవ్వ చాలు. స్టీల్ కేసు లైన్ దగ్గరే రాలిపోతుంది గానీ ఇత్తడి తుక్కులో కలిసి దాని ధర తగ్గిస్తుంది. ఒక్కో తూటా తేడా చూస్తూ కూర్చునే తీరిక సిబ్బందికి ఉండదు, అందుకే చాలా రేంజ్‌లు రెండింటినీ వద్దంటాయి.

స్టీల్ కేసులు కాల్చిన తర్వాత ఇత్తడి కేసు తూటా ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) ఇరుక్కుంటే ఇత్తడిని తిట్టకండి. ఉక్కు ఇత్తడిలా ఉబ్బి ఛాంబర్‌ని గట్టిగా మూయదు, దాంతో మసి వెనక్కి వచ్చి గోడలకు పడుతుంది. తర్వాత వచ్చిన ఇత్తడి ఉబ్బి ఆ మసిలో పట్టుకుంటుంది. పిస్టల్ ఖాళీ చేసి, ఛాంబర్ బ్రష్‌తో, సాల్వెంట్‌తో శుభ్రం చేశాకే తూటా రకం మార్చండి. గీత పడి పూత పోయిన స్టీల్ కేసులని మన తీరంలో నిల్వ పెట్టకండి, ఆ గీతలోనే తుప్పు మొదలవుతుంది.

శుభ్రం చేసేటప్పుడు

ట్రాప్ కింద పొడి చీపురు పట్టకండి, సీసపు ధూళి లేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, పెల్లెట్ల తుక్కుని మూత ఉన్న డబ్బాలో వేసి, సీసం తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి. పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి. బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ కొనుక్కునే ముందు సబ్బుతో, చల్లటి నీళ్ళతో చేతులు కడుక్కోండి.