సంరక్షణ కేంద్రాన్ని రాత్రి భోజనాల వేళ చూడండి

హైదరాబాద్‌లో మంచాన పడిన పెద్దవాళ్లను చూసుకునే కేంద్రాలు ఇప్పుడు చాలా కాలనీల్లో ఉన్నాయి. అమ్మనో నాన్ననో చేర్చాలనుకుంటే, పగలు మేనేజరు చూపించే గదులతో సరిపెట్టుకోకండి. రాత్రి భోజనాల వేళ మళ్లీ వెళ్లండి. ఎంతమందికి ఎందరు ఆయాలున్నారో, రాత్రంతా నర్సు ఉంటారో లేదో అప్పుడే తెలుస్తుంది.

లేవలేనివారి మంచం దగ్గర కాసేపు నిలబడండి. అన్నం మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, మింగేదాకా ఆగి తినిపిస్తున్నారా? పడుకోబెట్టి హడావిడిగా పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కదలలేనివారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి మానడం చాలా కష్టం. తిప్పిన వేళలు రాసే చార్టు అడిగి చూడండి. రాత్రి 8 గంటలకే తెల్లవారుజాము గళ్లు కూడా నిండి ఉంటే, ఇంకేమీ అడగనక్కర్లేదు, వచ్చేయండి.

డైపర్లు, ఫిజియోథెరపీ నెల ఫీజులో కలిశాయా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళతారో కూడా అడగండి.

చేర్చాక వేళాపాళా చెప్పకుండా వెళ్లి చూడండి, దుప్పటి తీసి మడమలు చూడండి. నిర్లక్ష్యం కనిపించి యాజమాన్యం పట్టించుకోకపోతే, వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఉచితంగా ఫోను చేయవచ్చు.